మూసీ వరదయు మోక్షగుండము విశ్వేశ్వరయ్యయు

అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుముఖముగా ప్రవహించి, హైదరాబాదు నగరము నడుమగా సాగి, తుదకు కృష్ణానదిలో కలియు చిన్న నది మూసీ. అది గోదావరి వంటి మహానది కాదు. కొండలపై మంచు కరగి దానికి నీరు రాదు; వానలే దానికి ప్రాణము. వానకాలము గడచిన పిమ్మట అది ఇసుక మేటల నడుమ సన్నని పాయగా పారుచుండెడిది. ఇట్టి నదిని చూచి భయపడువారెవ్వరు? కావుననే జనులు దాని యొడ్డునకు నానాటికి దగ్గరగా జరిగి ఇండ్లు కట్టుకొనిరి. అంగళ్లు వెలసెను. ఆసుపత్రి వెలసెను. బీదవారి గుడిసెలు నీటి యంచువరకు దిగివచ్చెను.

1908వ సంవత్సరము సెప్టెంబరు మాసము చివర ఆ ప్రాంతమున ఎడతెరపి లేని వానలు పట్టుకొనెను. 27వ తేదీ రాత్రి జనులు వాన చప్పుడు వినుచు నిదురించిరి. అర్ధరాత్రి దాటిన పిమ్మట నది పొంగనారంభించెను. 28వ తేదీ తెల్లవారునప్పటికి ఆ సన్నని పాయ సముద్రమువలె మారి నగరముపై విరుచుకొనిపడెను. అఫ్జల్‌గంజ్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడును కొట్టుకొనిపోయెను. నదియొడ్డున నున్న ఆసుపత్రి, అందలి రోగులతో కూడ నీటిపాలయ్యెను. ప్రాణములు దక్కించుకొనుటకై నగర ప్రాకారపు బురుజుపైకి ఎక్కినవారు, ఆ బురుజు కూలుటతో ప్రవాహమున పడిపోయిరి. ఆసుపత్రి ఆవరణలోని యొక చింతచెట్టు మాత్రము తలవంచక నిలిచెను. దాని కొమ్మలను పట్టుకొని నూటయేబదిమంది వరకు బ్రతికి బయటపడిరని చెప్పుదురు.

నీరు తీసిన పిమ్మట చూడగా సుమారు 19,000 ఇండ్లు నేలమట్టమైయుండెను. ఎనుబదివేలమంది నిలువనీడ లేనివారైరి. మృతుల సంఖ్య పదునైదువేలని సాధారణముగా చెప్పుదురు. అంతకు మించియుండునని తలంచువారును కలరు. నాటి నిజాము మహబూబ్ అలీఖాన్ తన భవనముల ద్వారములు తెరపించి నిరాశ్రయులకు చోటిచ్చెను, అన్నసత్రములు పెట్టించెను. కులమతభేదము లేక అందరును ఒక్కచోట కూడి దుఃఖించిరి. ఒక్కచోట కూడి భుజించిరి.

ఇచట మనము గమనింపవలసిన విషయమొకటి కలదు. మూసీనది పొంగుట అదియే మొదటిసారి కాదు. 1631లోను, 1831లోను అది పొంగి నగరమునకు నష్టము కలిగించియుండెను. మహావరదకు అయిదేండ్లు ముందు, అనగా 1903లో, మరల పొంగి హెచ్చరించెను. అయినను నీరు తగ్గగానే జనులు భయము మరచిరి. వెనుకటి చోటనే మరల గోడలు లేపిరి. నగరమునకు అనుభవము కలదు గాని, జ్ఞాపకము లేకపోయెను.

దుఃఖము కొంత తగ్గిన పిమ్మట ప్రభువునకు ఒక ప్రశ్న మిగిలెను. ఇట్టి విపత్తు మరల రాకుండ ఏమి చేయవలెను? దానికి సమాధానము చెప్పగలవాడు ఎవడు? అప్పుడు నిజాము ప్రభుత్వమువారు పిలిపించిన మహనీయుడే మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు.

విశ్వేశ్వరయ్యగారు 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన మైసూరు సీమలో చిక్కబళ్లాపురమునకు సమీపమున గల ముద్దెనహళ్లి గ్రామమున జన్మించిరి. వీరి పూర్వికులు తెలుగునాటివారు. మోక్షగుండమను గ్రామమునుండి వారు మైసూరు సీమకు వలసపోయిరి. ఆ గ్రామనామమే వీరి యింటిపేరై నిలిచినది. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వేంకటలక్ష్మమ్మగారు. ఇంట విద్యకు కొరత లేదు గాని, ధనమునకు కొరత యుండెను. విశ్వేశ్వరయ్యగారు చిన్నవయస్సుననే తండ్రిని గోలుపోయిరి. మేనమామయగు రామయ్యగారి యాదరమున బెంగుళూరు చేరి, అచట ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి, అట్లు వచ్చిన కొలది సొమ్ముతో చదువుకొనిరి.

వారు చదువుకొనుచున్న దినములలోనే, 1876 మొదలు 1878 వరకు, మైసూరు సీమయు దక్షిణదేశమును ఘోరమైన కరవుచేత పీడింపబడెను. వానలు లేక చెరువులెండెను. లక్షలమంది ఆకలికి బలియైరి. నీరు లేక దేశమెట్లు తల్లడిల్లునో ఆ తరమువారు కన్నులార చూచిరి. నీరు మితిమీరినచో ఏమగునో విశ్వేశ్వరయ్యగారు తరువాత హైదరాబాదులో చూడనుండిరి.

1881లో వారు బి.ఏ. పట్టమును పొందిరి. మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థివేతనముతో పూనా పట్టణమునకేగి ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1883లో బొంబాయి రాజధాని యంతటికిని ప్రథముడుగా ఉత్తీర్ణులైరి. మరుసటి యేడు బొంబాయి ప్రభుత్వపు మరామతు శాఖలో సహాయ ఇంజనీరుగా చేరిరి. సింధుదేశములోని సుక్కూరు పట్టణమునకు మంచినీటి సదుపాయమును కల్పించుట మొదలుగా వారు నీటికి సంబంధించిన పనులు పెక్కు నిర్వహించిరి.

వానిలో ఒకటి ఇచట చెప్పదగినది. పూనాకు సమీపమున ఖడక్‌వాస్లా జలాశయము కలదు. వరదకాలమున దాని అలుగుపై నీరు పొర్లి వ్యర్థముగా పోవుచుండెడిది. కట్టను ఎత్తు చేసినచో కట్టకు ప్రమాదము. చేయనిచో నీటికి నష్టము. విశ్వేశ్వరయ్యగారు ఆలోచించి, తమంత తామే తెరచుకొని మూసికొను తలుపులను కల్పించిరి. నీరు ఒక మట్టమువరకు వచ్చునంతవరకు ఆ తలుపులు మూసియుండును. ఆ మట్టమును మించగానే మనుష్యుని సాయము లేకయే తెరచుకొని అదనపు నీటిని విడుచును. వరద తగ్గగానే మరల మూసికొనును. 1903లో ఈ తలుపులు అచట అమర్పబడెను. నీటిని నిలుపుట యెంత ముఖ్యమో, సమయమునకు విడుచుటయు అంతే ముఖ్యమని వారికి బాగుగా తెలిసియుండెను. ఈ తెలివియే తరువాత హైదరాబాదునకు ఉపకరించెను.

1908లో వారు బొంబాయి ప్రభుత్వ సేవనుండి విరమించుకొని విదేశములలో పర్యటించుచుండిరి. ఆ సమయముననే నిజాము ప్రభుత్వమువారి ఆహ్వానము వారికి చేరెను. తమ పర్యటనమును ముగించుకొని 1909 ఏప్రిలు మాసమున వారు హైదరాబాదులో పని ప్రారంభించిరి.

పెద్ద ఆపద గడచిన పిమ్మట జనులు సాధారణముగా రెండు విధములుగా మాటలాడుదురు. కొందరు అది దైవఘటన యందురు. మన చేతిలో ఏమియు లేదని నిట్టూర్తురు. మరికొందరు వెంటనే ఒక గోడ కట్టుడు, ఒక వంతెన లేపుడు అని తొందరపెట్టుదురు. విశ్వేశ్వరయ్యగారు ఈ రెండు త్రోవలును త్రొక్కలేదు. వారు మొదట లెక్కలు తీసిరి. ఎంత వాన కురిసెను? ఎచట కురిసెను? ఆ నీరు ఏ త్రోవను వచ్చెను? త్రోవలో దానిని ఆపవలసినవి ఏవి? అవి ఏల ఆపలేకపోయెను?

లెక్కలు చూడగా విషయము తేటతెల్లమయ్యెను. నగరమునకు ఎగువను శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములును, 48 గంటలలో 18.9 అంగుళములును వాన కురిసియుండెను. నగరమునకు ఎగువను మూసీనదికి, దాని యుపనదియగు ఈసీకి నీరు చేర్చు భూమి 862 చదరపు మైళ్లు. ఆ భూమిలో 788 చెరువులుండెను. అనగా ఇంచుమించు చదరపు మైలునకొక చెరువు. ఇవి మన పెద్దలు ఎంతో నేర్పుతో కట్టిన గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు క్రింది చెరువునకు చేరును. అది నిండినచో దాని క్రింది దానికి చేరును. సాధారణమైన వానలకు ఈ యేర్పాటు మిక్కిలి మేలైనది. ఒక్క చుక్కయు వృథా కాదు.

కాని వాన హద్దు మీరినప్పుడు ఈ గొలుసే శత్రువగును. పైన ఒక చిన్న చెరువుకట్టకు గండి పడినదనుకొందము. అందలి నీరంతయు ఒక్కుమ్మడిగా క్రింది చెరువుపై పడును. అప్పటికే నిండుకుండవలె నున్న ఆ చెరువు దానిని భరింపలేక తానును తెగును. రెండు చెరువుల నీరు కలిసి మూడవదానిపై పడును. ఇట్లు ఆ రెండు దినములలో 221 చెరువులు తెగిపోయెను. వాన నీటికి చెరువుల నీరు తోడై నగరముపై పడెను. ఆ దినమున నగరమువద్ద నదిలో సెకనునకు 4,25,000 ఘనపుటడుగుల నీరు ప్రవహించియుండునని వారు లెక్క కట్టిరి.

వాన ఎవ్వరి చేతిలోను లేదు. కాని చెరువుకట్టల బలము మనుష్యుల చేతిలో నున్నది. నదిగర్భమున ఇండ్లు కట్టుటయు, మానుటయు మనుష్యుల చేతిలో నున్నది. కావున ఆపదలో ఒక పాలు ప్రకృతిదైనచో, మరియొక పాలు మనుష్యుల ఏమరుపాటుదని ఈ లెక్కలు చెప్పక చెప్పెను.

ఇక నివారణోపాయమేమి? నది రెండు ప్రక్కలను గట్లు ఎత్తుగా పోయుట మంచిదే. కాని అంతటి ప్రవాహమును ఇరుకైన నగరము నడుమ గట్లమధ్య బంధించి పంపుట అసాధ్యము. అందుచేత వరదను నగరములో ఎదుర్కొనుట కాక, అది నగరమునకు చేరకమునుపే ఎగువను ఎదుర్కొనవలెనని వారు నిశ్చయించిరి. నగరమునకు ఎనిమిదిన్నర మైళ్ల ఎగువను మూసీపై నొకటి, ఆరున్నర మైళ్ల ఎగువను ఈసీపై నొకటి, రెండు పెద్ద జలాశయములు నిర్మింపవలెనని సూచించిరి. మహావరద వచ్చినప్పుడు ఆ నీటిని ఈ జలాశయములు తమ కడుపులో దాచుకొనును. తరువాత నది భరింపగలిగినంత మేరకే మెల్లమెల్లగా విడుచును. దీనితోపాటు నగరములో నదికి ఇరువైపుల గట్లు బలపరుపవలెననియు, ఒడ్డుల వెంట ఇరుకు గుడిసెలకు మారుగా ఉద్యానములును విశాలమైన బాటలును ఉండవలెననియు, మురుగునీరు పోవుటకు సరియైన కాలువలు కావలెననియు వారు తెలిపిరి.

ఉద్యానముల విషయమున గల తెలివిని గమనింపుడు. తోటలోనికి నీరు వచ్చినచో తోట తడియును. నీరు పోయిన పిమ్మట మరల పచ్చబడును. ఇంటిలోనికి నీరు వచ్చినచో ప్రాణములు పోవును. నది ఎప్పుడో ఒకప్పుడు తన చోటు తాను అడుగును. అది అడుగునప్పుడు ఇచ్చుటకు కొంత చోటు ముందుగానే విడిచియుంచుట వివేకము.

కొలది మాసములలో ఈ పనిని ముగించి, 1909 నవంబరులో విశ్వేశ్వరయ్యగారు మైసూరు సంస్థానపు ప్రధాన ఇంజనీరుగా వెడలిపోయిరి. వారి సూచనలను నిజాము ప్రభుత్వమువారు కాగితములపైననే ఉంచలేదు. 1912లో నగరాభివృద్ధి సంఘము ఏర్పడెను. ఏడవ నిజామగు ఉస్మాన్ అలీఖాన్ కాలమున, గండిపేటవద్ద మూసీపై కట్టిన జలాశయము 1920లో పూర్తియయ్యెను. అదియే ఉస్మాన్‌సాగరు. ఈసీపై కట్టిన హిమాయత్‌సాగరు 1927లో ముగిసెను. నగరమును వరదనుండి కాచుటకై తలపెట్టిన ఈ జలాశయములే నగరమువారి దాహమును కూడ తీర్చెను. గండిపేట నీరనగా హైదరాబాదువారికి ఎంతయో మక్కువ. ప్రాణములు తీసిన నదియే తరతరములకు ప్రాణాధారమయ్యెను. మురుగునీటి పనులకై విశ్వేశ్వరయ్యగారు తరువాత మరల హైదరాబాదునకు వచ్చి సలహాలనొసగిరి.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. త్రాగునీటికై జలాశయము నిండుగా నుండవలెను. వరదను ఆపుటకై జలాశయమున ఖాళీ యుండవలెను. ఈ రెండింటిని పొసగించుట ఒకనాటి పని కాదు. ప్రతి వానకాలమునను, ప్రతిదినమును ఎగువ వానలను కనిపెట్టి, నీటిమట్టమును చూచి, ఎప్పుడు నిలుపవలెనో, ఎప్పుడు విడువవలెనో నిర్ణయింపవలెను. దిగువనున్న జనులకు ముందుగా తెలుపవలెను. కట్ట కట్టినవాడు ఒకసారి శ్రమపడును. దానిని కాచువారు ఎల్లప్పుడును మెలకువతో నుండవలెను.

మైసూరులో విశ్వేశ్వరయ్యగారు చేసిన సేవ లోకప్రసిద్ధము. కావేరీనదిపై కృష్ణరాజసాగరమునకు 1911లో పని ఆరంభమయ్యెను. 1912 మొదలు 1918 వరకు వారు ఆ సంస్థానమునకు దివానుగా నుండి విద్యను, పరిశ్రమలను, వ్యవసాయమును పెంపొందించిరి. మైసూరు విశ్వవిద్యాలయము 1916లో వారి కాలముననే స్థాపితమయ్యెను. అయినను నదుల చింత వారిని విడువలేదు. డెబ్బదియైదేండ్లు దాటిన పిమ్మట, 1930 దశాబ్దము చివర, ఒరిస్సాలోని మహానది వరదల సమస్యను పరిశీలించి, ఎగువను జలాశయములు నిర్మించుటను గూర్చి ఆలోచింపవలెనని వారు సూచించిరి. ఆ నదిపై హీరాకుడ్ ఆనకట్ట 1957లో ప్రారంభమయ్యెను. 1955లో భారత ప్రభుత్వము వారిని భారతరత్న బిరుదముతో గౌరవించెను. నూరేండ్లు నిండిన జీవితమును గడపి, 1962 ఏప్రిలు మాసమున బెంగుళూరులో వారు పరమపదించిరి. వారి జన్మదినమగు సెప్టెంబరు 15వ తేదీని మన దేశమున ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు.

విశ్వేశ్వరయ్యగారు కట్టించుమన్న జలాశయములు నిలిచియున్నవి. వారు తెలిపిన వివేకము మనలో నిలిచియున్నదా? 2020 అక్టోబరు మాసమున హైదరాబాదులో కుండపోతగా వానలు కురిసెను. నగరములోని చెరువులకు గండ్లు పడెను. అనేక వీధులు నీట మునిగెను. పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. ఎగువ జలాశయములు ఎగువనుండి వచ్చు నీటిని ఆపగలవు గాని, నగరముపైననే కురియు వానను ఆపలేవు. ఆ నీరు పోవుటకు చెరువులును, వాగులును, కాలువలును ఉండవలెను. చెరువును పూడ్చి ఇల్లు కట్టినచో, వాన వచ్చిననాడు చెరువు ఆ యింటిలోనే నిండును. నీరు తన పాత త్రోవను మరువదు. మరచువారము మనమే.

బాలబాలికలారా! వరదను గూర్చి తెలిసికొనుట పెద్ద ఇంజనీర్లకే పరిమితమైన విద్య కాదు. మీ యూరి చెరువు ఎచట నున్నది? దాని అలుగు నీరు ఏ త్రోవను పోవును? ఆ త్రోవలో ఎవరి యిండ్లున్నవి? వెనుకటి వరదలో నీరు ఎంతవరకు వచ్చెను? ఊరిలో ఎత్తైన చోటేది? ఆపద వేళ నడువలేని ముసలివారిని, రోగులను, పసిపిల్లలను అచటికి చేర్చువారెవరు? ఈ ప్రశ్నలు మీ తాతలను, అవ్వలను అడుగుడు. వారు చెప్పినది వ్రాసి యుంచుడు. నీరు వచ్చిన మేరను బడిగోడపై గుర్తు పెట్టుడు. వానకు ముందే చెరువుకట్టను చూచి, పగుళ్లున్నచో పెద్దలకు తెలుపుడు. హెచ్చరిక వచ్చినప్పుడు సామానులకై ఆలసింపక కదలుడు.

విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదు చేరునప్పటికి వరద వచ్చి పోయియుండెను. చనిపోయినవారిని ఆయన బ్రతికింపలేరు. వారు పాటుపడినది అప్పటికి ఇంకను రాని వరదకొరకు; రక్షింపనెంచినది అప్పటికి ఇంకను పుట్టని ప్రజలను. ఆకాశము నిర్మలముగా నున్న దినమున, నది సన్నని పాయగా పారుచున్న దినమున, రానున్న వానను తలచుకొని చేయు పనియే నిజమైన సంసిద్ధత. ఆ పనిని మరువక చేయుటయే ఆ మహనీయునకు మనము సమర్పింపదగిన నివాళి.